అమ్మమ్మ ఎటు చూసింది?

కంపాలా,
మార్చి 3, 2004.

లుకాయా వీడియో హాలు యజమాని, మైకు మారాజు లుబ్వామా మామయ్యకు, మోకాళ్ళ మీద కూర్చుని దండం పెడుతూ మేనకోడలు నబుకేర రాయునది.

ఈ ఉత్తరం తెచ్చిన బస్సు కండక్టరు దగ్గరే ఒక క్యాసెట్టు ఉంది, అడిగి తీసుకో. డిసెంబరు సెలవుల్లో మూడు రోజులు అమ్మమ్మ వెంటపడి తీశానే, ఆ సినిమా. ఇరవై నిమిషాలు. అమ్మమ్మ మటోకే అరటికాయలు చెక్కుతుంది, అరిటాకులో మూటకట్టి పొయ్యి మీద పెడుతుంది, చివర్లో గుమ్మంలో కూర్చుని దూరంగా చూస్తుంది. అంతే. ఒక్క మాట ఉండదు.

మా సినిమా డిగ్రీలో ఆఖరి ఏడు సినిమా తీస్తే సరిపోదు. మామూలు జనానికి చూపించి, వాళ్ళేమన్నారో పట్టుకుని పరిశోధన వ్యాసం రాయాలి. ఏప్రిల్ ఇరవైలోగా ఇవ్వకపోతే ఇంకో ఏడాది ఇక్కడే పడి ఉండాలి. నీ హాల్లో ఒక్కసారి వేసి, జనం మాటలు రాసి పంపు మామయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ గారాల కోడలు,
నబుకేర

తా.క.: పదిహేనేళ్ళుగా ఏ దేశం సినిమా వచ్చినా, పక్కన నిలబడి నువ్వు మైకులో మన లుగాండా మాటలు చెబితేనే గానీ లుకాయా జనం చూడరని తెలుసు. నా సినిమాలో అసలు మాటలే లేవు కాబట్టి ఈసారి నీ గొంతుకు సెలవు.

*

లుకాయా,
మార్చి 9.

చదువుల తల్లి నబుకేరకు మామయ్య దీవెనలు.

నీ మనసు కష్టపెట్టకూడదనే ఉంది గానీ చెప్పక తప్పదు. మీ కాలేజీ వాళ్ళు నీకు పాడైపోయిన కెమెరా అంటగట్టారు. ఒక్క మాట కూడా ఎక్కలేదు! మాటలు లేవని నువ్వు రాసింది చదివానులే. పరువు కోసం అలా రాశావని నాకు తెలియదూ?

కంగారు పడకు, మామయ్య ఉన్నాడు. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక వేశాను. రెండు నిమిషాలు ఈలలు. మూడో నిమిషంలో మైకు అందుకున్నాను. ఈవిడ మామూలు ముసలమ్మ కాదు, కొలువు మానేసిన కమాండరన్నాను. వెనక సైకిలు మీద పోయిన పాలవాడు శత్రువుల వేగు. అరిటాకు మూటలో ఉన్నది బాంబు! హాలంతా లేచి నిలబడింది. చివర్లో అమ్మ అలా చూస్తుంటే, “వస్తార్రా, రెండో భాగంలో వస్తారు!” అని ముగించాను.

జనం మాటలు రాసుకో. రెండో భాగం ఎప్పుడు? బాంబు ఎందుకు పేలలేదు?

నీ కష్టానికి అండ,
లుబ్వామా మామయ్య

తా.క.: తెర మీద నీ పేరు పక్కన నా పేరు వెయ్యి. చిన్న అక్షరాలైనా ఫర్వాలేదు, ఎర్రరంగులో ఉంటే చాలు.

*

కంపాలా,
మార్చి 15.

బాంబు మామయ్యకు, ఈసారి మోకాళ్ళ మీద కాదు, నిలబడే, నడుం మీద చేతులు పెట్టుకుని రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి హాస్టల్లో ఆరుగురు పిల్లలు మంచాల మీద పడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మాట లేకపోవడమే నా సినిమా మామయ్యా! అమ్మమ్మ చివరి చూపు ఉందే, దాని మీదే నలభై పేజీలు రాసుకున్నాను. తాతయ్య పోయి నాలుగేళ్ళయినా, ఆయన వచ్చే దారినే ఆవిడ ఇంకా చూస్తోందని నా వాదన. జనంలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, “ఆవిడ ఎవరికోసమో ఎదురుచూస్తోంది” అంటే నా వ్యాసం నిలబడుతుంది. లేకపోతే నేను గంగలో కలిసినట్టే.

మళ్ళీ వెయ్యి. మైకు పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. నోరు మెదపనని మాటివ్వు.

కోపంగా,
నబుకేర

తా.క.: తాళంచెవి అత్తయ్యకు ఇవ్వు. నిన్ను నమ్మను.

*

లుకాయా,
మార్చి 24.

కోపాల కోడలికి, నోరు కట్టేసుకున్న మామయ్య దీవెనలు.

నువ్వడిగిన మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. దానివల్ల నాకేం జరిగిందో విను.

ఐదు నిమిషాలు నోరెత్తలేదు. ఆరో నిమిషంలో వెనక బెంచీవాడు “అయ్యో, లుబ్వామాకి గొంతు పోయింది” అన్నాడు. పదో నిమిషానికి తెర చూసేవాడు లేడు, అందరూ నన్నే చూస్తున్నారు. రోడ్డు మీద కోళ్ళు కాల్చి అమ్మే ఆడవాళ్ళు అల్లం, తేనె పట్టుకొచ్చారు. ఒక పెద్దాయన ఇది పక్క ఊరు మసాకాలోని హాలువాడు చేయించిన చేతబడే అని తేల్చాడు. నోరు తెరిచి కాదనేవాణ్ణే, కానీ నీకు మాటిచ్చాను కదా! తల అడ్డంగా ఊపాను. ఇంకేముంది, “పాపం, నిజంగానే రావట్లేదు” అని ముక్కులు చీదారు.

కొడుకు మూగవాడయ్యాడని మా అమ్మకు కబురెళ్ళింది. మర్నాడు పొద్దున్నే పండగలకు కట్టే గోమెసి బట్ట కట్టుకుని, ఏడుస్తూ టాక్సీ దిగింది. “బాగానే ఉన్నానమ్మా” అన్నాను. వీపు మీద ఒక్కటిచ్చింది.

వచ్చింది ఎలాగూ వచ్చింది, సినిమా చూస్తానంది. మధ్యాహ్నం మూడోసారి వేశాను. నా గొంతు వచ్చిందో లేదో చూద్దామని ఊరంతా దిగబడింది. నేను నోరు మెదపలేదు, ఒట్టు. చివరి చూపు దగ్గర ఎవరో “అమ్మా, ఎటు చూస్తున్నావు?” అనడిగారు. అమ్మ లేచి, మీ అత్తయ్య దగ్గర తాళంచెవి లాక్కుని, మైకు తీసి అందుకుంది. “ఎటేమిటి! పక్కింటి కిగోజీ మేక నా చిక్కుడు పాదుల్లో పడి మేస్తోంది. అరుద్దామంటే ఈ పిల్ల నోరెత్తొద్దంది!”

హాలు ఊగిపోయింది.

నోరున్న,
మామయ్య

తా.క.: జనం మాటలు: అందరిదీ ఒకటే, మేక. పదిహేనేళ్ళలో నా మాటకు ఇంత నవ్వు రాలేదు. కాస్త కుళ్ళుగానే ఉంది.

*

కంపాలా,
ఏప్రిల్ 28.

మామయ్యకు, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని నబుకేర నమస్కారాలు.

మేక! ఆ ముక్క చదివి రెండ్రోజులు ముద్ద మింగుడు పడలేదు. జనం అనని మాట అన్నట్టు రాయడానికి చేతులు రాలేదు. నలభై పేజీలూ తీసేసి, “నేను పొరబడ్డాను, అది మేక” అని జరిగిందంతా రాసిచ్చాను. పరీక్ష చేసేవాళ్ళ ముందు నిలబడి అదే చదివాను. వాళ్ళలో పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. తప్పు తనదేనని ఒప్పుకున్న దర్శకుణ్ణి ఇన్నాళ్ళకు చూశానని ప్యాసు చేసేశారు.

డిగ్రీ వచ్చింది మామయ్యా! సంతోషమే, కానీ సిగ్గుగా ఉంది. మూడు రోజులు ఎదురుగా కూర్చుని చూశాను, అమ్మమ్మ మనసు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదన్నమాట.

పట్టభద్రురాలు (ఔను, పెద్ద అక్షరాలతోనే చదువుకో),
నబుకేర

తా.క.: పట్టా ఇచ్చే రోజున అత్తయ్యను, అమ్మమ్మను తీసుకురా. కిగోజీ ఒప్పుకుంటే మేకను కూడా.

*

లుకాయా,
మే 6.

డిగ్రీ కోడలికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. “పొరబడ్డాను” అన్నచోట ఆగమంది. ఆ ముక్క మళ్ళీ చదివించుకుంది. తర్వాత కాగితం తియ్యరా అంది. తను చెప్పింది చెప్పినట్టు కింద రాస్తున్నాను. నా సొంత కవిత్వం లేదు.

“నబుకేరా, డిసెంబరు నాటికి కిగోజీకి మేకెక్కడిదే? అక్టోబరులోనే కూతురి నిశ్చితార్థానికి కోసి వండాడు. నేను చూసింది మీ తాతయ్య వచ్చే దారినే. కాఫీ గింజల మూట సైకిలుకు కట్టుకుని, నువ్వు కెమెరా పెట్టిన ఆ వేళకే వచ్చేవాడు. చూడకూడదనే అనుకుంటాను, కళ్ళు ఊరుకోవు. నేను చెప్పకుండానే నువ్వది పట్టేశావు. కానీ హాల్లో అంతమంది కంకులు నములుతూ నవ్వుతున్నారు. వాళ్ళ మధ్యకు నా మొగుణ్ణి ఎలా తీసుకురానే? అందుకని మేకను తోలాను. మీ మాస్టర్లకు మేకే ఉండనీ. ఆ నలభై పేజీలు చించేశావా? చించకపోతే నాకు పంపు.”

అమ్మ చెప్పింది అంతే.

నీ,
లుబ్వామా మామయ్య

తా.క.: పేజీలు తొందరగా పంపు. రోజూ నేనే చదివి వినిపించాలట, మధ్యలో ఒక్క మాట కలిపినా వీపు పగలగొడుతుందట. ఒక సంగతి అడుగుతాను, నవ్వకు. నాన్న ఏ వేళకు ఇల్లు చేరేవాడో కన్నకొడుకుని నేనే మరిచిపోయాను. నీకెలా తెలిసిందే?