మిషన్ డాక్టర్ పేజీలు

ప్రియమైన చిన్నోడికి,

ఫోన్ చేస్తే మధ్యలో ఏడుపొస్తుందని ఉత్తరం రాస్తున్నాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు.

మీ బావ వెబ్‌సైట్ పోయింది. నిన్న పొద్దున కొట్టు తెరిచే ముందు ఎప్పటిలాగే ఒక పేజీ చదువుకుందామని చూస్తే కుట్టుమిషన్ల గురించి ఒక్క ముక్క లేదు. ఏవో ప్రకటనలు, ఎందుకు నవ్వుతున్నారో తెలియని మనుషులు. అడ్రసు తప్పు కొట్టానేమోనని నాలుగుసార్లు సరిచూసుకున్నాను. అదే అడ్రసు.

ఆ సైట్ మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని నువ్వే తయారుచేసి పెట్టావు. "బావా, రోజూ విప్పే మిషన్ గురించి నాలుగు మాటలు రాయి, చాలు" అన్నావు. నోట్లో నాలుక లేని మనిషి. నాతోనే రోజుకు పది మాటలు మాట్లాడేవాడు కాదు, అలాంటిది అక్కడ పదకొండేళ్లు రాశాడు. దారం ఎందుకు తెగుతుంది, కుట్టు ఎందుకు జారుతుంది, ఏ మిషన్‌కు ఏ జబ్బు, అన్నీ. ఊరూ పేరూ తెలియనివాళ్లు "మిషన్ డాక్టర్ గారూ" అని ప్రశ్నలు పంపేవాళ్లు. మధ్యమధ్య నా గురించీ రాసేవాడు. "శబ్దం విని మా ఆవిడే రోగం చెప్పింది" అని ఒకచోట. నా ముందు ఆ మాట ఒక్కసారీ అనలేదు. ఆయన పోయిన ఈ ఏడాదిన్నరా నేను ఆ పేజీలు పట్టుకునే బతికాను.

నా దగ్గర వేరే కాపీ లేదు. నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా, ఎవడు చేశాడో కనుక్కో. తిట్టను, కొట్టను. పేజీలు ఇచ్చేస్తే చాలు.

ఉంటాను మరి,
అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అంది వారమైంది. పని ఎక్కువై వెంటనే రాయలేకపోయాను.

ఇలాంటివి ఎలా జరుగుతాయో చెబుతాను. వీధికి కొత్తగా వచ్చినవాడు మంచి దర్జీ ఎవరని అడిగితే పదిమందీ ఒకే కొట్టు చూపిస్తారు చూడు, సెర్చ్ ఇంజిన్ పద్ధతి కూడా అదే. ఒక పేజీని ఎన్ని మంచి పేజీలు చూపిస్తే, దాన్ని అంత పైన పెడుతుంది. అలా చూపించడాన్నే లింకు అంటాం. కుట్టు నేర్పే బడులూ మరమ్మతు చేసేవాళ్లూ బావ సైట్‌కు వందల లింకులిచ్చారు. ఒక్కటీ ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు.

మా కంపెనీ పని కస్టమర్ల సైట్లకు అలాంటి లింకులు సంపాదించడం. నిజాయితీగా చేస్తే ఏళ్లు పడుతుంది కాబట్టి కొందరు అడ్డదారి తొక్కుతారు. సైట్ పేరుకు రెండు మూడేళ్లకోసారి గడువు పొడిగించుకోవాలి. ఎవరైనా మర్చిపోతే ఆ పేరు కొనేసి, లోపల బరువు తగ్గించే మాత్రలో మరొకటో పెట్టుకుంటారు. పాత మంచి పేరుతో కొత్త సరుకు పైకొస్తుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే.

కొన్నది ఎవరో తెలుసుకోవడం కష్టం, పేర్లు దాచేస్తారు. ప్రయత్నిస్తాను. మరీ ఆశ పెట్టుకోకు. వేళకు తిను.

నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడికి,

మూడు వారాలైంది. నీ నుంచి కబురు లేదు. తొందర పెట్టడం లేదులే. మా తమ్ముడు చూసుకుంటున్నాడని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

మొన్న ఒకావిడ వాళ్ల అత్తగారి పాత మిషన్ తెచ్చింది. కింద దారం ఉండచుట్టుకుపోతోంది. ఆ మోడల్ గురించి ఆయన రాసింది నాకు గుర్తుంది కానీ ఏ మర బిగించమన్నాడో గుర్తు రాలేదు. నాకు చేతకాదని వెనక్కి పంపేశాను. కొట్టు పెట్టాక అలా పంపడం అదే మొదలు.

నీకు చెప్పనిది ఒకటుంది. గడువు పొడిగించుకోవాలని వచ్చే నోటీసులన్నీ ఆయన మెయిల్‌కే వచ్చి ఉంటాయి కదా? నేను ఆ మెయిల్ తెరవలేదు. ఆయన పేరు కనబడగానే ఫోన్ పక్కన పెట్టేసేదాన్ని. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దామని ఏడాదిన్నర గడిపేశాను. అంటే పోగొట్టింది ఎవరో కాదు, నేనే. ఆయన్ని రెండోసారి పంపించేసినట్టుంది. అన్నం సయించడం లేదు.

నువ్వు వెతకడం ఇక ఆపెయ్. పరాయివాణ్ని తిట్టుకుని ఏం లాభం?

అక్క

*

ప్రియమైన అక్కకు,

పోగొట్టింది నువ్వు కాదు. నేను.

నీ మొదటి ఉత్తరం అందిన రోజే కొనుగోళ్ల చిట్టా తెరిచి చూశాను. నా పేరే ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అక్కయ్యేం పట్టుకుంటుందిలే అనుకుని నీకు పాఠం చెప్పి ఊరుకున్నాను. ఆ "కొందరు" మేమే.

మా ఆఫీసుకు ప్రతి నెలా గడువు తీరిన సైట్ల జాబితా వస్తుంది. వందల పేర్లు. మేం పేర్లు చదవం, పక్కనున్న మార్కులు చూస్తాం. ఎంత పాతది, ఎన్ని మంచి లింకులున్నాయి, అంతే. ఎక్కువ మార్కులున్నవాటికి కొనమని టిక్కు పెడతాం. ఆ నెల అన్నిటికన్నా పైనున్నది బావది. "ఎంత శుభ్రమైన సైట్ దొరికింది" అని పక్క సీటువాడికి చూపించి మురిసిపోయాను, అక్కా. పేరు కళ్లముందే ఉంది, నేను చదవలేదు. పాత పేజీలు ఉంచాలా, తుడిచేయాలా అని అమ్మేవాళ్లు అడిగారు. తుడిచేయమన్నాను.

పాత సైట్ల నకళ్లు దాచిపెట్టే చోటు ఒకటుంది. చాలా పేజీలు అక్కడ దొరికాయి. అచ్చు తీసి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. సైట్ నీ పేరు మీదికి మార్పించాను. చివరి నాలుగు నెలల పేజీలు మాత్రం, బావ ఆస్పత్రిలో ఉన్నప్పటివి, ఎక్కడా లేవు. అన్నిచోట్లా వెతికాను.

ఈ పని ఇక నా వల్ల కాదని ఆఫీసులో చెప్పాను. సరే, వేరేవాళ్లతో చేయిస్తామన్నారు.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. నువ్వు మాత్రం అన్నం తిను.

తమ్ముడు

*

తమ్ముడూ,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. ఇంకా రాయబుద్ధి కావడం లేదు.

పొట్లం అంది పది రోజులైంది. మొన్ననే విప్పాను. ఆ పాత మిషన్ పేజీ దొరికింది. ఆవిడకు కబురు పెడితే వచ్చింది, బాగుచేసి పంపాను.

చూడకుండా టిక్కు పెట్టావు, అది పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. కానీ అంతా తెలిసి కూడా, నన్ను నేను తిట్టుకునేదాకా నోరు విప్పలేదు. అదే నాకు మింగుడు పడటం లేదు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను? ఆ మెయిల్ తెరవకపోవడం నా తప్పే, అది నేను మోస్తాను. నీ వంతు నువ్వు మొయ్యి.

ఆస్పత్రి పేజీలు ఆయన రాసినవి కావు. చేతులు పట్టు తప్పాక ఆయన చెబుతుంటే నేను ఫోన్‌లో కొట్టాను. మధ్యలో ఆయాసమొచ్చి ఆగేవాడు, నేనూ ఆగేదాన్ని. కొన్ని మాటలు ఉన్నవున్నట్టు గుర్తున్నాయి. కొన్ని ఎంత తన్నుకున్నా రావడం లేదు.

ఆదివారం రా. నేను చెబుతాను, నువ్వు రాయి. నాకు గుర్తు రాని చోట ఆగుతాను, నువ్వూ ఆగు. ఇంకొకరి పేజీలు నింపడం నీకు బాగా అలవాటు, అక్కడ మాత్రం నీ సొంతమాట ఒక్కటీ పెట్టకు. ఖాళీ వదిలెయ్. ఇక్కడ ఏదో ఉండేది, పోయింది అని చదివేవాళ్లకు తెలియాలి.

అక్క