ఆమెన్ అనేలోపు పడిన గరిటె

అత్తయ్యగారూ, బియ్యం కొలవడానికి డబ్బా తీస్తారని ఈ చీటీ అందులోనే పెట్టాను. అమలాపురం బస్సు వచ్చేస్తోంది.

ఈ వారం ఒంటికి విశ్రాంతి ఉండాలని మా కోచ్ గారు నేనెత్తే బరువులు సగానికి తగ్గించారు. పని తగ్గింది కాబట్టి అన్నమూ తగ్గాలి. మొత్తం మానక్కర్లేదు, నాకు రెండు గరిటెలు చాలు. గుడ్లు, చేపల పులుసు మాత్రం ఎప్పటిలాగే పెట్టండి. "నువ్వన్నావని అన్నం తగ్గించేను కదమ్మా, పనసతొనలేం చేసేయి?" అని మళ్ళీ అనకండి. అవీ వద్దు, చక్కెరకేళీలూ వద్దు.

నాకు జ్వరం రాలేదండీ, నీరసమూ లేదు. శనివారం వెయిట్‌లిఫ్టింగ్ పోటీకి ముందు కాటా ఎక్కిస్తారు. నా విభాగానికున్న బరువు కన్నా కాస్త ఎక్కువ తూగినా బార్ ముట్టుకోనివ్వరు. పోయినేడాది అలాగే వెనక్కి పంపేశారు. రాజోలు దాకా బస్సులో ఏడుస్తూ వచ్చి, మీతో తలనొప్పి అన్నాను. మీరు జాలిపడి పరమాన్నం వండిపెట్టారు. ఈసారీ పంపేస్తే ఇక నావల్ల కాదు.

నిన్న భోజనం ముందు ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాను. ఆమెన్ అని తెరిచేసరికి కంచంలో ఇంకో గరిటె అన్నం పడి ఉంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, అలా చెయ్యకండి. మా అమ్మ పోయాక నా కంచం వంక చూసేది మీరొక్కరే. మీరు పెట్టింది నేను తీసి పక్కన పెట్టలేను.

మెర్సీ

పోటీ అయిపోయాక, ఆదివారం మధ్యాహ్నం చాలాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాను. అప్పుడు మీ ఇష్టం.