టక్కనిందా?

నవంబరు 10
అమ్మ ఫోను. నేను కంపెనీలో "కంప్యూటరు మీద" ఉన్నానని పాకాలలో అందరికీ చెప్పిందట. బీయస్సీ చదివి కార్లకు వైర్ల కట్టలు కడుతున్నానని చెప్పుకోలేక. వెనకనుంచి నాయన — "పెండ్లి తప్పించుకునేదానికే ఆడ కూసోనుండాది." కూర్చోవడమా! షిఫ్టంతా నిలబడే ఉంటాను నాయనా. ఈ పని నాకు ఇష్టమని ఒక్కరికీ తోచదు.

నవంబరు 12
వియత్నాం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. లాన్. నా పక్కనే నిలబెట్టారు, నేర్పించాలట. సూపర్‌వైజరు దాచలేదు — నేర్చుకున్నాక మా లైను వాళ్ల దేశానికి పోతుంది. మరి మేం? "చూద్దాం" అన్నాడు.

నవంబరు 13
వైర్లు పరిచి కట్టే బోర్డు మీద నాకెదురుగా పనిచేసే గౌరి క్యాంటీన్లో చెయ్యి పట్టుకుంది.
"సగమే నేర్పు మే. మూల చుట్టు మాత్రం సూపించొద్దు. అది రాకుంటే లైను యాడికి పోతాది?"
వైర్ల కట్ట రెండుగా చీలేచోట టేపు జారకుండా తిప్పడం. ఆ తిప్పు నేను కనిపెట్టిందే. లైనంతా నా దగ్గరే నేర్చుకున్నారు.

నవంబరు 17
వైరు చివరి పిన్ను ప్లగ్గులో సరిగ్గా దిగితే చిన్న చప్పుడు. ఏం చేయాలో గోడమీద ఇంగ్లీషులో రాసి ఉంది, ఎవరూ చూడరు. మేం అడిగేది ఒకటే — "టక్కనిందా?" ఆ పని పేరే అదనుకుంది లాన్. ఈరోజు పిన్నులన్నీ దించి, గర్వంగా: "అక్కా, టక్కనిందా ఉండాది!"
లైనంతా నవ్వు. గౌరి కూడా... మొహం తిప్పుకొని.

నవంబరు 19
వాన. బస్సు కిటికీలోంచి పులికాట్ సరస్సు బూడిదరంగు. ఏమీ రాయబుద్ధి కాలేదు.

నవంబరు 21
భోజనాల దగ్గర, ఫోను అనువాదం చేస్తుంటే, లాన్ చెప్పింది. ఇంతకుముందు బూట్లు కుట్టేదట. ఆ పని ఇండియాకు పోయిందని అందరినీ పంపేశారట. "మీ ఇండియాకే" అని నవ్వింది.
గౌరి వదిన ఇక్కడ బూట్ల కంపెనీలోనే చేస్తుంది. గౌరి తన రాగిసంగటి తుంచి లాన్ ప్లేటులో పెట్టింది. లాన్ నమిలింది, పండ్లకంతా అంటుకుంది.
"నమిలేది కాదు పాపా, మింగాల!"
చెయ్యి కడుక్కునేటప్పుడు గౌరి నాతో — "ఆ పిల్లమీద కోపం లేదు మే. మా ఊరు ఐరాలకు పోయి మళ్లా టమోటాలు కోయలేను. సగమే నేర్పు."

నవంబరు 22
లాన్ చుట్టిన టేపు మూల దగ్గర మళ్లీ జారింది. అందరి ముందు సూపర్‌వైజరు తిట్లు. నావైపు చూసింది. నేను బోర్డు వైపు చూశాను.
సాయంత్రం గౌరిని అడిగాను, మీ వదినకు కుట్టు ఎవరు నేర్పినారని. "ఆ పిల్ల దేశం నుంచే ఎవరో ఆయమ్మ వచ్చినాది. పేరు తెలీదు" అంది. అని, నా మొహం చూసి, "ఏం మే?" అంది.
ఏం లేదన్నాను.

నవంబరు 23
ఆదివారం. ఫోనులో అమ్మ — "వచ్చేయ్, బీయెడ్ చేద్దువు." తర్వాత చెప్తానన్నాను. ఇక్కడ ఉంచుతారో లేదో నాకే తెలియదు. గౌరి నాతో మాట్లాడటం మానేస్తుంది, అది మాత్రం తెలుసు.
రేపు లాన్‌కు మూల చుట్టు నేర్పిస్తాను.