మన ఇంట్లో పాఠం

ఆగస్టు 18. పొద్దుటి నుంచి ముసురు. కుట్టు మిషన్‌కు నూనె వేశాను.

చిన్నోడా,

నోటుబుక్కులో రోజుకో ముక్క రాసుకోవడం తప్ప ఉత్తరాలు రాయడం నాకు రాదు. రేపు నీ శిక్ష గురించి వాదనలు. నన్ను సాక్షిగా పిలిచారు. నేనేం చెప్పబోతున్నానో నీకు ముందే తెలియాలి.

మొన్న నీ లాయరు కొట్టుకు వచ్చాడు. "మీ నాన్న కొట్టిన దెబ్బలన్నీ చెప్పండి. అలాంటి ఇంట్లో పెరిగాడంటే జడ్జిగారు శిక్ష తగ్గిస్తారు" అన్నాడు.

"అదే ఇంట్లో నేనూ పెరిగానండి."

"అదొక్కటి మాత్రం చెప్పకండి" అని నవ్వాడు.

దెబ్బల సంగతి చెప్తాను. నాన్న బెల్టు తీస్తూ "పాఠం చెప్తా రా" అనడం, ఆరేళ్ల నువ్వు మంచం కింద నన్ను కరుచుకుని వణకడం, అన్నీ చెప్తాను. తలుపు తీసి నిన్ను బయటికి తప్పించే ధైర్యం ఆనాడు నాకు లేకపోయింది. అది నన్నింకా తింటూనే ఉంది.

తర్వాత లాయరు, నువ్వు కొట్టిన ఆ ఇస్త్రీ కొట్టు అమ్మాయి వాంగ్మూలం చదివాడు. గదికి గడియ పెట్టి నువ్వామెతో అన్న మాట అందులో ఉంది. "పాఠం చెప్తా రా." లాయరు ఆగకుండా చదువుకుంటూ పోయాడు. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ మాటకు మన ఇంట్లో ఉన్న అర్థం తెలిసినవాళ్లం మనిద్దరమే మిగిలాం. నొప్పి తెలియక చేశావంటే నమ్మేవాణ్ణేమో. నీకు తెలుసురా. తెలిసే ఆ గదిలో నాన్న నిలబడ్డ చోట నిలబడ్డావు. ఇప్పుడా అర్థం ఆమెకూ తెలుసు.

రేపు ఆ మాట కూడా చెప్తాను. శిక్ష తగ్గించమని అడగను. ఇందువల్ల నీకు ఏళ్లు పెరిగితే పెరగవచ్చు. మీ వదినతో చెప్పాను. "ముందు వాడికి చెప్పండి. కోర్టుకు తర్వాత చెప్దురుగాని" అంది. అందుకే ఈ ఉత్తరం.

ఎన్నేళ్లు వేసినా ప్రతి ములాఖత్‌కూ వస్తాను. నువ్వు రానంటే ఆ బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్తాను. నిన్ను ఎత్తుకు తిరిగినవాణ్ణి, నాకు వేరే దారి తెలియదు.

నీ అన్న

మీ వదిన గొడుగు తీసింది, ఈ ఉత్తరం తనే తెస్తోంది. నీ స్వెట్టరు మోచేతికి మాసిక వేసి పంపుదామనుకున్నాను, ఇంకా ఒక వైపు మిగిలిపోయింది.