సీటు ఖాళీ లేదు

జూన్ 9, ఆదివారం

చిరంజీవి కంట్రోల్ టవరు గారికి,

పిల్లి తాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, బాల్కనీలో మొక్కా అందరం క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మా, నాన్నా క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. దూరాన ఉన్న బంధువుకి ఉత్తరం రాసుకు రమ్మని మీ టీచరమ్మ చెప్పింది ఒక్కసారే. మార్కులు కూడా వేసేసింది. అయినా నువ్వు ఆపలేదు, ఇది అయిదోది. ఆవిడకి మాత్రం చెప్పకు, ఇంకో పని అప్పగిస్తుంది. నా పేరు పక్కన వేసిన పిల్లికి మీసాలు బాగా కుదిరాయి. వాయుసేనలో ఉన్నప్పుడు విమానాన్ని చప్పుడు కాకుండా నేల మీద దింపుతానని నాకా పేరు పెట్టారు. మీ అమ్మమ్మ మాత్రం ఆ కథ ఒప్పుకునేది కాదు. ఇంటికి ఎప్పుడొచ్చాడో, ఎప్పుడు పోయాడో తెలియని మనిషికి ఇంకేం పేరు పెడతారు అనేది.

ఇక అసలు సంగతి. మా ఇంటికి ఎప్పుడొస్తావని ఎర్ర స్కెచ్ పెన్నుతో అడిగావు. నిన్న శనివారం బయల్దేరాను తల్లీ. చొక్కా ఇస్త్రీ చేసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళి కౌంటరు ముందు నిలబడ్డాను. వాయుసేన వదిలాక నేను చేరిన విమానాల కంపెనీ రిటైరైనవాళ్ళకి ఒక పాసు ఇస్తుంది. టికెట్లు కొన్నవాళ్ళంతా ఎక్కాక సీటు మిగిలితేనే మనకి. ఒకప్పుడు ఆ కంపెనీలో పై అంతస్తులో కూర్చున్నవాణ్ణి నేనే, ఆ నియమం మీద సంతకం పెట్టినవాణ్ణీ నేనే, కాబట్టి నోరెత్తడానికి లేదు. నిన్న బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాళ్ళు ఇరవైమంది దిగబడ్డారు. ఒక్కొక్కడికీ రెండు సీట్లు చాలవు. సీటు ఖాళీ లేదన్నారు, వెళ్ళిన దారినే తిరిగొచ్చాను.

రోజంతా ఏం చేస్తావని కూడా అడిగావు. నాలుగున్నరకి మెలకువ వస్తుంది. వెళ్ళాల్సిన చోటేమీ లేదని గుర్తుకొచ్చేసరికి అయిదవుతుంది. కాఫీ కలుపుకుంటాను. మీ అమ్మమ్మ పోయి మూడేళ్ళయినా చెయ్యి రెండో కప్పు మీదికి వెళుతుంది, దాన్ని మళ్ళీ అలమరలో పెడతాను. రిటైరైన రోజు కంపెనీవాళ్ళు ఇచ్చిన బుల్లి విమానానికి ఎడమ రెక్క ఊడింది, జిగురు పెట్టాను, మళ్ళీ ఊడింది. లిఫ్టులో జనం నమస్తే కెప్టెన్‌గారూ అంటారు, నాలుగో అంతస్తు రాగానే దిగిపోతారు. మొన్న ఇన్సూరెన్సు అమ్మే అమ్మాయి ఫోను చేసింది. పాలసీ వద్దు గానీ భోంచేశావా అమ్మా అని అడిగాను. పది నిమిషాలు మాట్లాడింది. ఈ నెలలో ఇంత ఓపిగ్గా విన్నది మీరేనంది, నా సంగతీ అంతేనన్నాను.

మీ అమ్మ ఆదివారం సాయంత్రాలు ఫోను చేస్తుంది కదా. మాత్రలు వేసుకున్నావా అంటుంది, వేసుకున్నానంటాను. వచ్చి నాలుగు రోజులుండు అంటుంది, చూస్తాలే అంటాను. అక్కడితో ఫోను పెట్టేస్తాం. అందుకని నీ ఉత్తరాలంటే నాకు ప్రాణం. ఎన్ని ప్రశ్నలైనా అడుగు, పైలట్లని అలా అడిగేది కంట్రోల్ టవరే, మార్కులు వేసుకో.

నీ తాత,
పిల్లి

* * *

జూన్ 30, ఆదివారం

చిరంజీవి టవరు గారి సముఖానికి,

తాత దీవించి రాసే సంగతులు. ఒంట్లో బాగుంది. మొక్క మొగ్గ వేసింది. మీరంతా కులాసా అని నీ ఉత్తరం చూడగానే తెలిసింది, కులాసాగా లేనివాళ్ళు నాలుగు పేజీలు రాయరు.

పాత ఇనప సామాన్లు పోగేసి నాన్న నీకు సైకిలు తయారు చేశాడని రాశావు. చక్రం ఒకదానిది, హ్యాండిలు ఒకదానిది, గంట ఇంకోదానిది. అలాంటి సైకిలు కొట్లో దొరకదు. నాన్న వెనక పట్టుకుంటే తొక్కగలను, వదిలేస్తే భయం, నువ్వొచ్చి చూస్తే వదిలేసి తొక్కుతాను అన్నావు. ఇది బెదిరింపు కిందికే వస్తుంది.

నా సంగతి చెబుతాను విను. నాకు విమానం నేర్పినాయన మహా కోపిష్ఠి. వెనక సీట్లో కూర్చుని నెలరోజులు తిట్టాడు. ఒకరోజు రన్‌వే పక్కన విమానం ఆపమని, బెల్టు విప్పుకుని దిగి, ఒక్క మాటైనా అనకుండా నడుచుకుంటూ పోయాడు. ఒక్కడివే ఎగురు అని దానికి అర్థం. పైకి వెళ్ళాక భయం వేయలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆ సీటు ఖాళీగా ఉంది, తిట్టేవాడు లేడు, అప్పుడు మాత్రం దిగులేసింది. ఆ దిగులు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తూంటుంది.

అయినా ఒక్కడినే అనడం తప్పు. యుద్ధ విమానాల దగ్గర ఒక పుస్తకం ఉండేది. మెకానిక్కు విమానమంతా తడిమి చూసి అందులో సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే ఎంత పెద్ద అధికారి వచ్చి గద్దించినా విమానం కదలదు. సంతకం చూశాక మళ్ళీ ప్రశ్నలుండవు, నమ్మి ఎక్కడమే. పాతికేళ్ళు నేను అలా ఎవరో ఒకరి సంతకం మీద బతికి దిగాను. వాళ్ళలో సగం మంది మొహాలు గుర్తులేవు.

మీ నాన్న కూడా అలాంటి పనివాడే. ఒకప్పుడు మా కంపెనీ హ్యాంగరులోనే పనిచేసేవాడు. విమానాల మరమ్మతు పని బయటివాళ్ళకి అప్పగించి ఆ హ్యాంగరు మూసేశారు. మూసేశారు అంటున్నాను గానీ, మూసింది నేనే. పనిపోయినవాళ్ళ జాబితా నోటీసు బోర్డు మీద అంటించారు, అందులో మీ నాన్న పేరుంది. ఇంట్లో రోజూ చూసే మామగారు నోటితో చెప్పలేదు, గోడ మీద చదువుకున్నాడు. నీకప్పుడు నాలుగేళ్ళు. తర్వాత మీరు ఆ ఊరు వెళ్ళిపోయారు, ఆ బయటి కంపెనీలోనే ఆయనకి పని దొరికింది. అమ్మమ్మ పోయినప్పుడు వచ్చి అయిదు రోజులున్నాడు, అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు, నాతో మాత్రం అవసరమైన మాటలే మాట్లాడాడు. పెద్దవాళ్ళ గొడవ నీకెందుకులే అనుకున్నా, నాన్నా నువ్వూ ఎందుకు మాట్లాడుకోరు అని నువ్వు సూటిగా అడిగావు కాబట్టి రాశాను.

నిన్న కూడా బయల్దేరాను. ఈసారి పళ్ళ డాక్టర్లు, ఏదో సభ ఉందట, విమానం నిండా వాళ్ళే. సీటు ఖాళీ లేదు. అయినా ఈ రోజుల్లో ఎవరికీ శ్రద్ధ లేదు. మా కాలంలో గడియారం ఒక్క నిమిషం తప్పితే ఊరుకునేవాళ్ళం కాదు. మీ ఊరి ఎయిర్‌పోర్టులో, బయటికొచ్చే తలుపు మీద అంత పెద్ద గడియారం పదకొండుకి ఏడు నిమిషాల ముందు ఆగిపోతే పట్టించుకునే నాథుడు లేడు.

సైకిలు మానకు. మోకాలు చిప్పలు రెండున్నాయి, ఒకటి పోయినా పరవాలేదు.

నీ తాత,
పిల్లి

* * *

జూలై 21, ఆదివారం

చిరంజీవి టవరు గారికి,

తాత ఆశీస్సులు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ ముగ్గురూ చల్లగా ఉండాలి.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. అప్పటినుంచి ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతావు. నాన్న చెయ్యి వదిలేసినట్టు నీకు తెలియనే తెలియదన్నావు. మూడు దీపస్తంభాలు దాటాక వెనక్కి చూశావట, ఆయన ఎక్కడో దూరాన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడట, అప్పుడు పడ్డావట. వెనక్కి చూడకపోతే పడేదానివి కాదు. అయినా చూడాలి, నేనూ చూశాను. మోచేతికి మందు రాశారా? ఎడమ చేతితో రాసిన అక్షరాలు మామూలువాటికంటే గుండ్రంగా ఉన్నాయి, ఆ చేత్తోనే కొనసాగించు.

నిన్న ఇక్కడ వాన. మొక్క పువ్వు పూసింది, తెల్లది. నువ్వు దానికి పేరు పెట్టి పంపిస్తానన్నావు, ఇంకా రాలేదు. పై ఇంటివాళ్ళు పియానో కొన్నారు. వాళ్ళ అబ్బాయి ఒకే పాట వాయిస్తాడు, ఒకే చోట తప్పుతాడు. మొదట్లో విసుక్కున్నాను, ఇప్పుడు వాయించకపోతే ఊళ్ళో లేరేమోనని కంగారు పడుతున్నాను. ఇన్సూరెన్సు అమ్మాయి మళ్ళీ ఫోను చెయ్యలేదు.

నిన్న శనివారం విమానం సంగతి అడుగుతావు. ఏం చెప్పను, మామూలే. సీటు ఖాళీ లేదు.

అమ్మని అడిగానని చెప్పు. జాగ్రత్త.

నీ తాత,
పిల్లి

తాజా కలం: కవరు అంటించి, మళ్ళీ చింపాను. నువ్వు అడిగిన ఒక్క ప్రశ్నకి నేను జవాబు రాయలేదు. నువ్వది కనిపెట్టకుండా ఉండవు.

తాతా, నువ్వు మా ఊరు ఎప్పుడూ రాలేదు కదా, మా ఎయిర్‌పోర్టు గడియారం ఆగిందని నీకెలా తెలుసు అన్నావు. నాన్నని అడిగితే అది ఆగి నెలే అయిందన్నాడని, తర్వాత కడుక్కున్న చేతులే మళ్ళీ కడుక్కోవడానికి వెళ్ళాడని రాశావు.

తల్లీ, నేను వచ్చాను. పదకొండు సార్లు వచ్చాను. బాస్కెట్‌బాల్ కుర్రాళ్ళూ నిజమే, పళ్ళ డాక్టర్లూ నిజమే, కానీ పదకొండు సార్లూ సీటు ఖాళీగానే ఉంది. ఒకసారి నా పక్కన రెండూ ఖాళీయే. పదకొండుంపావుకి దిగేవాణ్ణి. బయటికొచ్చే తలుపు ముందు మూడో స్తంభం పక్కన ఒక కుర్చీ ఉంది, అక్కడ కూర్చునేవాణ్ణి. అద్దంలోంచి టాక్సీలు కనిపిస్తాయి. ఇప్పుడు లేస్తాను, ఇప్పుడు లేస్తాను అనుకుంటూ నాలుగింటి విమానానికి వెనక్కి వచ్చేసేవాణ్ణి. మీ నాన్న ఆ ఎయిర్‌పోర్టులోనే పనిచేస్తాడని తెలుసు, మెకానిక్కులు ఆ హాల్లోకి రారన్న ధైర్యంతో కూర్చునేవాణ్ణి. నాలుగు రాష్ట్రాల మేర కమ్మిన తుఫానులోంచి విమానం దింపినవాడికి ఆ తలుపు దాటడానికి కాళ్ళు రాలేదు.

ఎందుకో కూడా చెప్పేస్తాను. నా బల్ల మీదికి వచ్చిన జాబితాలో నూట నలభై పేర్లున్నాయి. మీ నాన్న పేరు లేదు. పనిమంతుడని ఉంచుకున్నారు. అల్లుణ్ణి కాపాడుకున్నాడని ఎవరైనా వేలెత్తి చూపిస్తారని భయపడి, నూట నలభై ఒకటో పేరు నేనే నా పెన్నుతో రాశాను. అందరూ నన్ను నిజాయితీపరుడన్నారు. మీ అమ్మమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు చేశాను. ఇది మీ నాన్నకి తెలియదు.

నిన్న ఆ కుర్చీలో ఉండగా మీ నాన్న వచ్చాడు. గడియారం సంగతి విన్నప్పుడే ఆయనకి అర్థమైనట్టుంది. పని బట్టల్లోనే ఉన్నాడు, చేతికి నూనె మరకలున్నాయి. ఒక టీ కప్పు నా పక్కన పెట్టి, ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. ఇద్దరం ఆ ఆగిపోయిన గడియారాన్నే చూశాం. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు: "నాలుగింటి విమానం చూసి పంపేది నేనే, మామయ్యగారూ. మీరు ఎన్నిసార్లు వచ్చారో తెలీదు గానీ, వచ్చిన ప్రతిసారీ మిమ్మల్ని వెనక్కి పంపిన సంతకం నాదే. ఇంటికి రావడానికి కూడా నా సంతకం కావాలా?"

నేను టీ కప్పు చేతిలోకి తీసుకున్నాను. ఆయన్ని ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు. టీ తాగి, నేను మళ్ళీ నాలుగింటి విమానమే ఎక్కాను. కిటికీలోంచి చూస్తే కింద నిలబడి పైలట్‌కి బొటనవేలు చూపిస్తున్నాడు.

వచ్చే శనివారం పాసు మీద రావడం లేదు, టికెట్టు కొన్నాను. సీటు లేదనడానికి ఇక వీల్లేదు. మూడో స్తంభం దగ్గరే కూర్చుంటాను. ఈ కాగితం ముందు నాన్నకి చదవడానికి ఇవ్వు. చదివాక ఆయనకి మనసు రాకపోతే ఎవరూ రావద్దు, నువ్వు ఏడవనూ వద్దు, నాలుగింటి విమానం నాకు అలవాటే. కానీ ఆయన నిన్న అడిగినదానికి జవాబు మాత్రం నీ నోటితో చెప్పు. సంతకం కావాలి అన్నాడు తాత, అని చెప్పు.