ఎస్తేరు వేయించిన ఉర్లగడ్డలు

సోమందేపల్లె,
గురువారం మధ్యాహ్నం.

అన్నకు నాగరత్న నమస్కారాలు. నువ్వూ వదినా పిల్లలూ ఒంట్లో బాగున్నారనుకుంటాను. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయి. నేను పంపిన తైలం పూస్తున్నారా, అలమరలో పెట్టేశారా? ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఎండలు మన బెళుగుప్పలో లాగే ఉన్నాయి, పైగా హైవే దుమ్ము. ఆయనకు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని కుదురుగానే సాగుతోంది. మా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. మొన్న ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తి చేయనివ్వలేదు. "ఆ ఎస్తేరునన్నా పొయ్యికాడ నుంచి తీసెయ్, లేకుంటే అంగడన్నా మూసెయ్. రెండూ చేయకుంటే సుజాత పెండ్లికి నా గడప తొక్కొద్దు" అని పెట్టేశావు. కాగితానికైతే ఎవరూ అడ్డు రారు. చివరిదాకా చదువు.

మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆయన డ్యూటీకి పోతే నాతో మాట్లాడే మనిషి లేదు. మూడు వారాలు గోడలతోనే మాట్లాడాను. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు నా బిందె చివరన ఉండిపోతే, ఒకామె దాన్ని ముందుకు జరిపి, "కొత్తామె, పట్టుకోనీండప్పా! మీరు పుట్టినబ్బుడు ఈడనే పుట్టినారా?" అని అందరి మీదా అరిచింది. ఆమే ఎస్తేరు. కూలికి పోయే మనిషి, వెనక వీధిలో చర్చి పక్కన ఇల్లు.

మా ఇంటి ముందరి సోడా అంగడి ఒక ముసలి సాయిబుది. చేతులు వణుకుతున్నాయని మిషను నాకు అప్పగించి, పని నేర్పించాడు. నేను నన్నారి వేర్లు కాచి షర్బత్ చేసి సీసాలకెత్తుతాను, గోలీ సీసాల్లో సోడా పడతాను. కూలి మానుకుని నాకు తోడు వచ్చిన ఎస్తేరు ఉర్లగడ్డలను పుల్లల్లాగా తరిగి వేయించి, వెల్లుల్లి కారం చల్లుతుంది. ఆ వేయించడం నాకు రాదన్నా. నేను చేస్తే మెత్తబడి జారిపోతాయి. ఆమె ఒకసారి సగం వేయించి, దించి చల్లారనిచ్చి, మళ్లీ పెద్ద మంట మీద వేస్తుంది. కొరికితే చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది.

వచ్చినవాళ్లు అన్న మాటలు ఒక పుస్తకంలో రాసిపెడుతున్నాను. ఇంట్లో ఉప్పూ పప్పూ ఎప్పుడు అయిపోయాయో రాసుకునేదాన్ని, ఆ అలవాటు పోలేదు. మంచీ చెడూ రెండూ రాస్తాను. ఫ్యాక్టరీ పిల్లలు "ఆంటీ, సాస్ లేదా? టీవీ అన్నా పెట్టండి" అంటారు. రెండూ పెట్టను. ఒక లారీ డ్రైవరు రోజూ "ఇంగా కారం ఎయ్యక్కా, నాకు నిద్ర రాకూడదు" అంటాడు. రిటైరైన మాస్టరు ఒకాయన కూర్చోగానే, "ఏమమ్మా, సోడా తాగకముందే ఒళ్లు ఊగుతాండాదే" అన్నాడు. బెంచి కాలు అప్పుడే బాగు చేయించాను. సోడాలో ఘాటు తగ్గిందని ఒకే వారంలో ఇద్దరు అన్నారు. చూస్తే సీసాల రబ్బర్లు అరిగిపోయాయి, మార్చాను. బెంగళూరు కారులో వచ్చిన ఒకావిడ ఫొటోలు తీసుకుని, రుచి బాగుంది గానీ చోటు పాతది అని ఫోన్‌లో మూడు చుక్కలు ఇచ్చిందట. పాతదే మరి. ఆ బెంచీలు నాకంటే పెద్దవి.

ఇక నీతో పార్టీ పనుల మీద తిరిగే రాఘవప్ప మామ సంగతి. బెంగళూరు నుంచి తిరిగి వస్తూ మా దగ్గర ఆగాడు. మొదటి ప్లేటు తిని, "ఏమే రత్నా, బెంగుళూరులో గూడా ఇట్లాటివి తినలేదే! ఇంగో ప్లేటు తే" అన్నాడు. అదీ తిన్నాక, "ఎవురిదే ఈ చేయి?" అని అడిగాడు.

"నాదే అప్పా" అంది ఎస్తేరు పొయ్యి దగ్గర నుంచి.

"యాడ ఇల్లు?"

"చర్చి పక్కన."

మామ చేయి ప్లేటు మీదే ఆగిపోయింది. ప్లేటులో మాత్రం ఏమీ మిగల్లేదు. సోడా ఇస్తే గ్లాసులో పొయ్యమన్నాడు. "గ్లాసుల్లేవు మామా, ఈడ అందురూ సీసాతోనే తాగుతారు" అన్నాను. ఎవరెవరి మూతులు తగిలిన సీసానో అని, తల వెనక్కి వంచి ఎత్తిపోసుకున్నాడు. గోలీ సోడాను ఎత్తి తాగిన మనిషిని నువ్వు ఎక్కడైనా చూశావా? గోలీ అడ్డం పడి, పొంగంతా ఒక్కసారిగా ఆయన ముక్కులోకీ ఖద్దరు చొక్కా మీదికీ తన్నింది.

"ఏమప్పా, తాగుతాండావా, తానం చేస్తాండావా?" అన్నాడు లారీ డ్రైవరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ తప్పు ఒప్పుకుంటాను. నవ్వనిది ఎస్తేరు ఒక్కతే. తువ్వాలు తెచ్చి "తుడుచుకో అప్పా" అంది. ఆయన తీసుకోలేదు. అక్కడి నుంచి నేరుగా నీ దగ్గరికి వచ్చి, మన ఆడబిడ్డ అంగట్లో శుభ్రం లేదని చెప్పాడు. రెండో ప్లేటు సంగతి చెప్పాడా? నా పుస్తకంలో ఆయనవి తిన్నప్పటి మాటా, తెలిసిన తర్వాతి మాటా రెండూ ఉన్నాయి.

నీ ఫోన్ సంగతి విని ఎస్తేరు కత్తిపీట పక్కన పెట్టేసింది. "మీ అన్నతో పోట్లాట ఎందుకు రత్నక్కా, నేను కూలికి పోతాలే" అంది. "పో, ఆ పొయ్యి గూడా నెత్తిన పెట్టుకుని పో. నువ్వు లేకుండా ఈడ నాకు దాంతో ఏం పని?" అన్నాను. కత్తిపీట ముందుకు లాక్కుని, మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

కాబట్టి అన్నా, ఎస్తేరును తీసేయను, అంగడి మూయను. వీలైతే వదినతో చెప్పి మన చెనిక్కాయల గానుగ నూనె ఒక డబ్బా పంపు, ఇక్కడి నూనె తొందరగా నురగ కడుతోంది. కోపం వల్ల పంపకపోతే ఇక్కడే కొనుక్కుంటాను.

సుజాత పుట్టినప్పుడు ఆసుపత్రిలో మొదట ఎత్తుకున్నది నేను. నేను ఆ పిల్లకు మేనత్తను. ఆ వరస నువ్వు ఇచ్చింది కాదు, నువ్వు తీసేసుకోలేవు. పసుపు దంచే రోజుకే వస్తాను. రావద్దనుకుంటే గడపలో నిలబడి, చుట్టాలందరి ముందూ, నా ముఖం చూసి నువ్వే చెప్పు. రాఘవప్ప మామతో చెప్పించకు. చెబితే పిల్లకు తెచ్చిన చీర వదిన చేతికిచ్చి, వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చి మరునాడు అంగడి తెరుస్తాను.

వదినకూ పెద్దమ్మకూ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. సుజాతను ఎండలో తిరగనీయొద్దు. నీ దీవెన నాకు ఎప్పుడూ కావాలన్నా, కానీ షరతు పెట్టి ఇస్తే తీసుకోను.

నీ చెల్లెలు,
నాగరత్న