నానబెట్టని నేల

మే 12, సోమవారం

సత్రపట్టి రోడ్డు పక్కన సౌందరరాజన్ సార్ కడుతున్న కల్యాణ మండపం. ఈరోజు అక్కడ పెర్కొలేషన్ టెస్ట్. గుంత తవ్వి, నీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూడాలి. దాన్నిబట్టే మురుగునీటిని నేలలోకి ఇంకించే సోక్ పిట్ పనికొస్తుందో లేదో తేలుతుంది. రూల్ ప్రకారం ముందురోజంతా గుంతను నానబెట్టాలి. ఎండ మాడ్చేస్తోంది, సార్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. నానబెట్టలేదు. ఆరు నిమిషాల్లో అంగుళం దిగింది. పాస్.

గుంత తవ్విన మారియమ్మాళ్‌కు మాత్రం నచ్చలేదు. నెర్రెలు విచ్చిన నల్లమన్ను, ఇక్కడివాళ్ళు కరిసల్ అంటారు. "దప్పికతో ఉండే నేలమ్మా ఇది, ఎంత పోసినా తాగుతాది. ఒగనాడు నాననిచ్చి ఆమీద చూడు" అంది. గడ్డపార పట్టే మనిషి నాకు పాఠం చెప్పడమేమిటని ఒళ్ళు మండింది. ఇంజనీరింగ్ డిప్లొమా ఉన్నది నాకు.

మే 13

రిపోర్ట్ మీద సంతకం పెట్టి పంచాయతీ ఆఫీసులో ఇచ్చేశాను.

మే 30

మూడు రోజుల కింద పెద్ద వాన కురిసింది. ఈరోజు సైట్‌కి వెళ్తే సోక్ పిట్‌లో సిమెంటు రింగులు దింపేసి ఉన్నాయి. సగం దాకా వాననీళ్ళు. మూడు రోజులుగా వేలెడు కూడా తగ్గలేదని వాచ్‌మన్ ఆండి అన్నాడు. పక్కనే కొత్త గుంత తవ్వించి, నీళ్ళు పోసి నానబెట్టి వచ్చాను.

మే 31, ఉదయం 7

గంటకు ఒక మిల్లీమీటరు. స్కేల్ తుడిచి మళ్ళీ కొలిచాను. ఒక్కటే.

తడిసిన మన్ను ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుపోయాయి. ఇక చుక్క కూడా తాగదు. పిట్ పొంగితే నీళ్ళు పల్లానికే పోతాయి. ముప్పై అడుగుల దూరంలో, ఆ పల్లంలోనే, మారియమ్మాళ్ వాళ్ళ వీధి బావి. వాళ్ళు తాగేది ఆ నీళ్ళే.

సాయంత్రం

సార్‌కి చెప్పాను. జూన్ 8న తొలి పెళ్ళి, పత్రికలు పంచేశారట. ఆ రిపోర్ట్ మీద సంతకం ఎవరిదమ్మా అని నవ్వుతూ అడిగారు. అరిచినా బాగుండేది.

జూన్ 3

చెప్పేద్దామని మారియమ్మాళ్ వాళ్ళ వీధి దాకా వెళ్ళాను. మన్ను ఎట్లా ఉందని అడిగింది. బాగానే ఉందన్నాను. నా నోరు పడిపోను.

జూన్ 6, శుక్రవారం

రిపోర్ట్ వెనక్కి తీసుకుంటున్నానని పంచాయతీలో లెటర్ ఇచ్చాను. 'గుంత నానబెట్టకుండా టెస్ట్ చేశాను. తప్పు నాది. ఆర్. శివరంజని.' మండపం వాడొద్దనే ఆర్డర్ సోమవారం వస్తుందన్నాడు క్లర్క్. పెళ్ళి ఆదివారమన్నాను. ఆదివారం సెలవన్నాడు. సంగతి తెలిసి, రేపటినుంచి పనికి రావద్దని సార్ ఫోన్ చేశారు.

అక్కడినుంచి నేరుగా మారియమ్మాళ్ ఇంటికే వెళ్ళి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. బావివైపు చూసి, "సంతకం పెట్టేటప్పుడు, ఈ నీళ్ళు తాగేది ఎవరని తలచినావమ్మా?" అంది.

ఎవరినీ తలచుకోలేదు. నా ప్లాన్‌లో ఆ బావి ఒక చిన్న సున్నా. సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 8, ఆదివారం

10.00. మండపంలో ఆరువందల మంది. ఆండి చూసీ చూడనట్టు గేటు తీశాడు. పిట్ మూత సందులోంచి కర్ర దించి కొలుస్తున్నాను. అంచుకు ఇంకా పద్దెనిమిది అంగుళాలు.

11.00. పది. పెళ్ళివారితో బాత్రూములు వాడొద్దంటే సార్ నన్ను బయటికి పంపించమన్నారు. ఆండి పంపలేదు.

12.00. నాలుగు. మురుగు తోడే లారీ మూడింటికి గానీ రాదట.

12.20. రెండు. బావి దగ్గర వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. బిందెలు, డ్రమ్ములు, వంటగిన్నెలు, పిల్లల స్కూలు సీసాలు కూడా తెచ్చి, పిట్ పొంగేలోపే మంచినీళ్ళు నింపుకుంటున్నారు. మారియమ్మాళ్ చేంతాడు నా చేతిలో పెట్టింది.

తోడుతున్నాను.